గుహ బయట నలుగురు

ఆ ఎండాకాలం మా ఇంట్లో మాటలు మోసే మనిషి లేకుండా పోయింది.

మా అత్తగారు హైమవతిగారు నాతో నేరుగా మాట్లాడరు. కోపం వల్ల కాదు. కోనసీమలో వాళ్ల ఇళ్లల్లో, వాళ్ల కాలంలో, అత్తగారు అల్లుడికి ఎదురుపడి మాట్లాడటం మర్యాద కాదు. నాకు చెప్పాల్సింది ఆవిడ నా భార్య కుసుమకి చెప్పేవారు, నేను పక్కనే ఉన్నా సరే. "ఇంకొంచెం అన్నం పెట్టించుకోమనవే ఆయన్ని" అని ఆవిడ అంటే, "పెట్టించుకోవాలట" అని కుసుమ నవ్వుతూ నాకు అందించేది. "చాలని చెప్పు" అనేవాణ్ని నేను. పెళ్లయిన నాటి నుంచీ మా ముగ్గురికీ అదే అలవాటు. ఒకే గదిలో ఉండి మూడో మనిషి మీదుగా మాట్లాడుకోవడంలో వింత ఉందని మాకెప్పుడూ తోచలేదు.

కుసుమ మాఘమాసంలో పోయింది. జబ్బులో చూసుకోవడానికి వచ్చిన అత్తగారు అమీర్‌పేటలో మా ఫ్లాట్‌లోనే ఉండిపోయారు. మాటలు మోసే పని మా అమ్మాయి హైందవి మీద పడింది.

ఏప్రిల్‌లో హైందవికి ఉద్యోగం వచ్చింది. మైత్రీవనంలో ఎవరు ఏ కంప్యూటర్ కోర్సు చేసినా ఎక్కడో ఒకచోట పిలుస్తున్న రోజులవి. అది టెస్టింగ్ కోర్సు చేసింది. పంజాగుట్టలో ఒక చీరల షోరూమ్ పై అంతస్తులో చిన్న కంపెనీ. బయటి దేశాల వాళ్లు తయారుచేసే కంప్యూటర్ ఆటల్ని, అమ్మకానికి రాకముందే ఆడి తప్పులు పట్టడం వీళ్ల పని. పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాక వచ్చేది. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే నాకు వేసవి సెలవులు. అంటే పగలంతా ఇంట్లో నేనూ, అత్తగారూ. మధ్యలో ఎవరూ లేరు.

కొన్నాళ్లు పనిమనిషి చిలకమ్మ ఆదుకుంది. గిన్నెలు తోముతూ అటుది ఇటూ, ఇటుది అటూ అందించేది.

"సార్, పేపర్ సదువుడైందా అని అమ్మ అడుగుతున్నది."

అయిందన్నాను.

"అయిందట అమ్మా. ఇగో సార్, గిన్నెలకొక జీతం, మాటలకొక జీతం ఇయ్యాలె మీరు నాకు."

అత్తగారు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. కుసుమ పోయాక ఆవిడ నవ్వడం నేను వినడం అదే మొదలు. కానీ చిలకమ్మకి ఇంకా నాలుగిళ్లున్నాయి. ఎండెక్కకముందే వెళ్లిపోయేది. తర్వాత ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

నాకు ఏడుపు రాలేదు ఆ రోజుల్లో. ఏదీ రాలేదు. పొద్దున లేచి గడ్డం గీసుకునేవాణ్ని. ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా ఇస్త్రీ చొక్కా వేసుకునేవాణ్ని. అత్తగారికి మాత్రం ఒక మేలు చేశానని అనుకునేవాణ్ని. ఈ వయసులో, కూతురు పోయిన దుఃఖంలో ఆవిడ పొయ్యి దగ్గర నిలబడటం ఏమిటని, ఆవిడని వంటింట్లోంచి తప్పించాను. అన్నం నేనే కుక్కర్‌లో పెట్టేవాణ్ని. కూరలు సందు చివర కర్రీ పాయింట్ నుంచి. అక్కడి కుర్రాడు నా మొహం చూసి ఏమనుకునేవాడో, పప్పు ప్యాకెట్ మీద ఓ చిన్న పచ్చడి ప్యాకెట్ అడగకుండానే పెట్టేవాడు. ఇంక మీరు విశ్రాంతి తీసుకోవచ్చని హైందవి చేత అత్తగారికి చెప్పించాను. సరేనన్నారట. అప్పటి నుంచి ఆవిడ బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఎదురు మేడ మీద హాస్టల్ కుర్రాళ్లు ఆరేసుకున్న బట్టలు చూస్తూ కూర్చునేవారు. వర్షం వచ్చేలా ఉంటే ఆ బట్టల గురించి ఆందోళన పడేవారు.

మే మొదట్లో మా బావమరిది రవికాంత్ కాకినాడ నుంచి ఫోన్ చేశాడు. కాలేజీలు తెరిచేలోపు వచ్చి అమ్మని తీసుకెళ్తానన్నాడు. అక్క లేని ఇంట్లో అమ్మ ఉంటే బాగుండదు బావగారూ, చూసేవాళ్లు ఏమైనా అనుకుంటారు అన్నాడు. మీ ఇష్టం అన్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర హైందవి కంచంలోంచి తలెత్తకుండా, అమ్మమ్మకి వెళ్లాలని లేదు నాన్నా అంది. అత్తగారు అప్పటికే తిని గదిలోకి వెళ్లారు.

"ఉండమని చెప్పు" అన్నాను.

"నేను చెబితే కాదు. అల్లుడు నోరు తెరిచి అడగని ఇంట్లో ఉండటం ఆవిడకి చిన్నతనం. నువ్వే చెప్పాలి."

"నా మాటగా చెప్పు."

"ఇదొక్కటీ నేను మొయ్యను నాన్నా."

నేను మజ్జిగ పోసుకున్నాను. నేరుగా అత్తగారిని పిలిచి ఒక మాట అనడం నా ఊహకి కూడా అందలేదు. ఆవిడ ఉంటే ఏమిటి, వెళ్తే ఏమిటి అన్నది కూడా నాకు సరిగా తెలియలేదు. తిమ్మిరెక్కిన కాలు ఎక్కడుందో తెలియదు కదా, అలా ఉండేది నా లోపల.

ఆ ఆదివారం హైందవి తన ఆఫీసులో పనిచేసే బిలాల్ అనే అబ్బాయిని తీసుకొచ్చింది. పంజాగుట్ట వాడే. మా పాత కంప్యూటర్ విప్పి లోపల ఏదో కార్డు బిగించాడు. ఒక ఆట ఎక్కించాడు. రాజులూ రాక్షసులూ గుహలూ ఉన్న ఆట. దాని రెండో భాగాన్ని ఇప్పుడు వీళ్లు పరీక్షిస్తున్నారట. ఎప్పుడూ ఆటలాడని పెద్దవాళ్లు ఎక్కడ తడబడతారో తెలిస్తే వీళ్లకి పనికొస్తుందట. నువ్వు మొదటి భాగం ఆడి చూడు నాన్నా అంది హైందవి. నన్ను ఊరికే కూర్చోనివ్వకూడదని అదేదో వేషం వేస్తోందని నాకు తెలుసు. తెలియనట్టు ఉన్నాను.

ఆటలో నేనొక కత్తి పట్టిన యోధుణ్ని. నాతో నలుగురు తోడు. గొడ్డలి పట్టుకున్న ఒక పొట్టాయన, విల్లు పట్టిన అమ్మాయి, నిప్పు కురిపించే ఒక మంత్రగాడు, గాయాలు మాన్పే ఒక ముసలావిడ. వాళ్లని ఎవరూ ఆడించరు, కంప్యూటరే నడిపిస్తుంది. కానీ ఎలా నడవాలో మనం చెప్పాలి. స్పేస్ బార్ నొక్కితే లోకమంతా ఆగిపోతుంది. గాలిలో బాణం గాలిలోనే ఉంటుంది. అప్పుడు ఒక్కొక్కరికీ పని చెప్పాలి. నువ్వు వాణ్ని కొట్టు, నువ్వు వెనక్కి జరుగు, నీ ప్రాణం సగానికి తగ్గితే మందు తాగు. మళ్లీ నొక్కితే అంతా కదులుతుంది.

ఆ ఆగిపోవడం నాకు నచ్చింది. ఆట ఆడటం కంటే ఆపి చూస్తూ కూర్చోవడమే ఎక్కువ చేసేవాణ్ని.

వాళ్లకి తెలివి తక్కువ. మంత్రగాడు నిప్పు కురిపిస్తే ముందు మా వాళ్లే కాలేవారు. విల్లమ్మాయి ద్వారంలో అడ్డంగా నిలబడితే పొట్టాయన వెనకాల గోడకి తల కొట్టుకుంటూ నడుస్తూనే ఉండేవాడు. ముసలావిడ ఒంటి మీద గీత కూడా లేనివాళ్లకి వైద్యం చేసేది. మొదటి గుహలోనే నలుగురికీ రక్తం కారింది. అది చూశాక నేను ఒక ఏర్పాటు చేసుకున్నాను. గుహ నోటి దగ్గర నలుగురినీ నిలబెట్టి, కదలొద్దని ఆజ్ఞ ఇచ్చి, నేనొక్కణ్నే లోపలికి వెళ్లేవాణ్ని. దెబ్బలు తిని, చచ్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాణ్ని. బయట వాళ్లు మాత్రం క్షేమంగా ఉండేవారు. అదొక ఊరట.

అత్తగారు బాల్కనీ నుంచి కుర్చీని ఎప్పుడు లోపలికి జరుపుకున్నారో నేను గమనించలేదు. ఒక మధ్యాహ్నం నా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఆ పొట్టాయన పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాడు. కాళ్లు పీకవూ."

నేను తిరిగి చూడలేదు. చూస్తే ఆవిడ ఆపేస్తారని తెలుసు. మౌస్ కదిపి పొట్టాయనని ఒక బండ పక్కకి జరిపాను. ఆటలో కూర్చోబెట్టే వీలు లేదు.

"హమ్మయ్య" అన్నారావిడ.

అలా మొదలైంది. కుసుమ చోట, హైందవి చోట, చిలకమ్మ చోట ఇప్పుడు వాళ్లు నలుగురూ చేరారు. అత్తగారు వాళ్లతో మాట్లాడేవారు. నేను మౌస్‌తో జవాబిచ్చేవాణ్ని. "విల్లమ్మాయ్, కుక్కర్ కూతేసి చాలాసేపైంది" అంటే నేను లేచి వెళ్లి స్టవ్ ఆపేవాణ్ని. "మంత్రాలాయనా, ఇవాళ చిలకమ్మకి ఒంట్లో బాగోలేదట, రాదు" అంటే ఆ సాయంత్రం గిన్నెలు నేను తోమేవాణ్ని. తెర మీద వాళ్లు మాట్లాడేది ఇంగ్లీషు. దాన్ని నాలో నేను చదువుకున్నట్టు తెలుగులో పైకి చదివేవాణ్ని. ఆవిడ ఊ కొట్టేవారు. బయట ఎండకి రోడ్డు మీద తారు కరుగుతుండేది. కింద వాటాలో వాళ్ల కూలర్ గాలి మెట్ల మీదుగా కొంచెం మా తలుపు దాకా వచ్చేది. తలుపు తీసే ఉంచేవాళ్లం.

ఒక రోజు పొట్టాయనతో ఆవిడ ఇంకో మాట అన్నారు.

"నీకూ నాకూ ఒకటే పని నాయనా. కూర్చోబెట్టి తిండి పెడుతున్నారు. వెళ్లిపొమ్మనలేదు. రమ్మనీ అనలేదు."

నేను స్పేస్ బార్ నొక్కాను. తెర ఆగింది. మళ్లీ నొక్కి, పొట్టాయనని అక్కడే వదిలి, గుహలోకి వెళ్లిపోయాను.

మర్నాడు గుహలోంచి బయటికి వచ్చేసరికి పొట్టాయన నాకు ఎదురొచ్చాడు. తెర మీద అక్షరాలు పడ్డాయి. పైకి చదివాను. "నన్ను పోరాడటానికి పిలిచావనుకున్నాను. కాపలా కుక్కలాగా ఎన్నాళ్లు నిలబడను? సెలవు." గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఎన్ని మీటలు నొక్కినా వెనక్కి రాలేదు.

"వెళ్లిపోయాడా" అన్నారు అత్తగారు. కాసేపటికి బాల్కనీలోకి వెళ్లారు.

నాకు కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి వచ్చింది. ఆదివారం బిలాల్ కార్డు చూడటానికి వస్తే, ఇది తప్పు, మీ కంపెనీ తరఫున వాళ్లకి రాయండి అన్నాను. వాడికి ఒక్క దెబ్బ తగలనివ్వలేదు నేను. ఎందుకు వెళ్లాలి?

బిలాల్ ఆట తీసి నా ఏర్పాటు చూశాడు. గుహ బయట ముగ్గురు వరసగా నిలబడి ఉన్నారు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"గిది బగ్ కాదు సార్. గట్లనే రాసిండ్రు" అన్నాడు. "పని చెప్పకుండ నిలబెడ్తె ఎవరుంటరు సార్? నేను సుత ఉండ."

"లోపలికి తీసుకెళ్తే దెబ్బలు తగులుతాయి కదా బాబూ."

"తగుల్తయి. గందుకే ముసలామె ఉన్నది. జర ఆమెకు ఛాన్సియ్యండి సార్."

హైందవి నా వైపు చూడలేదు. టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.

సోమవారం మిగిలిన ముగ్గురినీ గుహలోకి తీసుకెళ్లాను. అత్తగారు కుర్చీ మళ్లీ దగ్గరికి జరుపుకున్నారు. విల్లమ్మాయి నా ముందు నడిచింది. అది కూడా నాకు నచ్చలేదు కానీ ఊరుకున్నాను. మలుపు తిరగగానే నల్లటి జంతువులు మీద పడ్డాయి. అమ్మాయి పేరు పక్కన ఉండే ఎర్ర గీత చకచకా తరిగింది. సగం, పావు, ఇంకా తక్కువ.

స్పేస్ బార్ నొక్కాను.

అంతా ఆగింది. అమ్మాయి ఒక మోకాలి మీద ఉంది. ముసలావిడ చేతిలో పచ్చటి వెలుగు పుట్టబోతూ ఆగిపోయి ఉంది. మళ్లీ నొక్కితే ఏదో ఒకటి జరుగుతుంది. వెలుగు ముందు చేరుతుందో, జంతువు పంజా ముందు చేరుతుందో. వేలు మీట మీదే ఉంది. నొక్కలేకపోయాను. ఫ్యాను తిరుగుతోంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆసుపత్రిలో కుసుమ మంచం పక్కనున్న యంత్రంలోనూ ఒక గీత ఉండేది. దాన్ని నేను ఇలాగే చూస్తూ కూర్చునేవాణ్ని.

"నీకేం కాదమ్మా" అన్నారు వెనక నుంచి అత్తగారు, విల్లమ్మాయితో. "పెద్దావిడ పక్కనే ఉంది. ఆవిడ చెయ్యగలిగింది ఆవిడని చెయ్యనివ్వాలి కదా."

నేను ఆ ఆటని ముగించి, గుహలోకి రాకముందు దాచుకున్న పాతచోటి నుంచి మళ్లీ తెరిచాను. గుహ నోటి దగ్గర నలుగురికి బదులు ముగ్గురు. కదలొద్దని ఆజ్ఞ ఇచ్చాను. అత్తగారు లేచి వెళ్లిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత మంత్రగాడూ వెళ్లిపోయాడు. విల్లమ్మాయి వెళ్లింది. రవికాంత్ వచ్చే ముందురోజు మధ్యాహ్నం ముసలావిడ నాకు ఎదురొచ్చి రెండు మాటలు చెప్పి, చేతికర్ర నేలకి ఆనించుకుంటూ చెట్లలోకి వెళ్లిపోయింది. ఆ మాటలు నేను పైకి చదవలేదు.

"ఏమందావిడ?" అన్నారు అత్తగారు.

ఎవరిని అడిగారో తెలియదు. తెర మీద నా యోధుడు తప్ప ఇంక ఎవరూ లేరు. గదిలో ఉన్నది నేనొక్కణ్నే. ఆవిడ కొంచెంసేపు జవాబు కోసం చూశారు. తర్వాత గదిలోకి వెళ్లి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టారు.

రవికాంత్ పొద్దున్నే దిగాడు. సాయంత్రం కాకినాడ రైలుకి రెండు టికెట్లు. హైందవి సెలవు పెట్టింది. రోజంతా మామూలు మాటలే నడిచాయి. పంజాగుట్ట దగ్గర ఫ్లైఓవర్ కోసం తవ్విపోశారని, సికింద్రాబాద్‌కి ముందే బయలుదేరాలని రవికాంత్ అన్నాడు. మధ్యాహ్నం కర్రీ పాయింట్ కూరలే తిన్నాం. వంకాయ కూరలో నూనె తేలుతోందని రవికాంత్ పక్కకి పెట్టాడు. అత్తగారు తన కంచం తానే కడిగి బోర్లించారు.

నాలుగు దాటాక ఆటో కింద ఆగింది. రవికాంత్ సంచి భుజానికి తగిలించుకున్నాడు. అత్తగారు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని, తలుపు రెక్క పట్టుకుని ఆగారు.

"హైందవీ, వెళ్లొస్తానని మీ నాన్నగారికి చెప్పు."

హైందవి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చెప్పలేదు. నా వైపు చూసి, మళ్లీ నేల వైపు చూసింది.

ఆ మాట మా మధ్య నేల మీద అలాగే ఉండిపోయింది. రవికాంత్‌కి అర్థం కాలేదు. వాడు మెట్ల వైపు తిరిగాడు.

"అత్తయ్యగారూ" అన్నాను.

ఆ పిలుపు నా గొంతులోంచి రావడం నేనూ మొదటిసారి విన్నాను. ఆవిడ చెయ్యి తలుపు మీద నుంచి జారింది. తల ఎత్తలేదు. నా చొక్కా కింది గుండీ దగ్గర ఎక్కడో చూస్తున్నారు. ఉండండి అని అనాలి. అది నోట్లోకి రాలేదు. వచ్చింది వేరే.

"సోమవారం నుంచి నాకు కాలేజీ అండి. పొద్దున్న ఎనిమిదింటికల్లా క్యారేజీ కావాలి."

రవికాంత్ వెనక్కి తిరిగాడు. "అదేంటి బావగారూ. ఈ వయసులో అమ్మ మీకు క్యారేజీలు కట్టాలా? సందు చివర కర్రీ పాయింట్ ఉందిగా."

"నాకవి పడటం లేదు."

"అయితే వంటమనిషిని పెట్టుకోండి. డెబ్బై ఏళ్ల మనిషిని పట్టుకుని..."

"నువ్వుండరా" అన్నారు అత్తగారు.

పమిట భుజం మీదికి సర్దుకున్నారు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. తర్వాత ఆవిడ నన్నే అడిగారు. మధ్యలో ఎవరూ లేరు.

"ఏం కూర?"

ఏదైనా పర్లేదు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మూడు నాలుగు నెలలూ ఎవరేమడిగినా నేను చెప్పింది అదే. దాన్ని మింగేశాను. నాకేం ఇష్టమో వెతుక్కోవాల్సి వచ్చింది. ముగ్గురూ నా నోటి వైపు చూస్తున్నారు.

"దొండకాయ" అన్నాను. "వేపుడు."

"కొబ్బరికారమా, ఉల్లికారమా?"

కింద ఆటోవాడు హారన్ కొట్టాడు. హైందవి కదల్లేదు. రవికాంత్ భుజం మీది సంచిని కిందికి దించాలో వద్దో తెలియక పట్టుకునే ఉన్నాడు. అత్తగారు ఒక చెప్పు విడిచి, రెండోది విడవకుండా, జవాబు కోసం ఆగి ఉన్నారు.

"ఉల్లికారం" అన్నాను.